ఎడమకు తిప్పితే వచ్చే చప్పుడు

మొన్న మా మనుమరాలు నన్ను నిజామాబాద్‌లో ఒక పెళ్లికి తీసుకుపోతూ, ఫంక్షన్ హాలు వెనుక కారు నిలపడానికి స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పగానే, ముందు చక్రం దగ్గర ఎక్కడో పటపట పండ్లు కొరికినట్టు ఒక చప్పుడు వచ్చింది. పిల్ల మొహం చిట్లించి మళ్లీ తిప్పింది, చప్పుడు మళ్లీ వచ్చింది, అప్పుడు అది మన తరంవాళ్లకు ఎన్నడూ తోచని ఉపాయం చేసింది. పాట సౌండు పెంచింది. నేను పాట ఆపించి, కారు నిలబడి ఉన్నప్పుడు తిప్పినా వస్తున్నదా, కదిలితేనే వస్తున్నదా, ఒక్క పక్కకేనా, రెండు పక్కలకా అని ఒకదాని వెనుక ఒకటి అడిగేసరికి, అది చేతులు స్టీరింగు మీదనే ఉంచి నా మొహం వంక వింతగా చూసింది. పట్టుచీర కట్టుకుని ఒళ్లో పెళ్లికానుక పెట్టుకుని కూర్చున్న ముసలిదానికి ఈ సంగతులన్నీ ఎట్లా తెలుసునన్నది దాని అనుమానం. విస్తరి ముందు కూర్చునేదాకా దానికి చెప్పిన ముచ్చటే మీకూ చెబుతున్నాను. ఆ కార్లూ ఆ దారులూ మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి.

మా పుట్టిల్లు కమ్మర్‌పల్లి దిక్కు. ఇంటినిండా పసుపు, చేతులకు పసుపు, కట్టుకున్న బట్టలకు పసుపు. అరవైల మొదట్లో నన్ను ఎడపల్లికి ఇచ్చినప్పుడు నాకు అన్నిటికంటే వింతగా తోచింది అక్కడి గాలి. చెరుకు నరికే రోజుల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దిక్కు నుంచి చెరుకు మడ్డి వాసన తియ్యతియ్యగా, కొంచెం పులుపుగా వచ్చి ఇల్లంతా కమ్ముకునేది, కొత్తలో తల తిరిగినట్టుండేది, తరువాత అదే లేకపోతే అన్నం సయించేది కాదు. అత్తగారిల్లు పెద్దది, నిండా మనుషులు. పెళ్లయి ఏడాది కావస్తున్నా పగటిపూట మా ఆయనతో నేను నిలబడి నాలుగు మాటలు మాట్లాడిన గుర్తు లేదు. ఆయన వాకిట్లోకి వస్తే నేను వంటింట్లోకి పోవాలి, మామ అరుగు మీద కూర్చుంటే ఇద్దరమూ చెరో దిక్కు పోవాలి. ఎవరూ ఇలా ఉండమని చెప్పలేదు గాని, అందరూ అలాగే ఉండేవారు.

అట్లాంటి ఇంట్లోకి కారు వచ్చింది. ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం చేసిన ఒకాయన వేరే రాష్ట్రానికి పోతూ తన పాత కారును అమ్మజూపితే, మా మామ ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా బేరం చేసి, తెచ్చుకునే రోజున మాత్రం మా ఆయనను వెంటబెట్టుకుపోయాడు. నల్లని కారు, గుండ్రని వీపు, ముందర రెండు పెద్ద దీపాలు. ఊరిలోకి వచ్చిన మొదటి కారు అదే. తలుపు దగ్గర అత్తమ్మ హారతి పట్టుకుని నిలబడి ఉంది, కారును వాకిట్లోకి మళ్లించడానికి మా ఆయన స్టీరింగును ఎడమకు తిప్పాడు, అంతే, కీచుమని పొడుగ్గా ఒక అరుపు లేచింది. కొట్టంలో బర్రెలు బెదిరి పలుపులు తెంపుకున్నాయి. అత్తమ్మ చేతిలో హారతి ఆరిపోయింది. మామ మాత్రం వెనుక సీట్లో తలపాగా సర్దుకుంటూ, ఆ అరుపు వినబడనట్టే కూర్చున్నాడు.

ఆనాటి నుంచి ఆ చప్పుడు ఇంటిల్లిపాదికీ ఒక పని అయింది. దిష్టి అని అత్తమ్మ నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి ముందర కట్టింది. మా బావ, అంటే మా ఆయనకు అన్న, టైరులో గాలి తక్కువైందన్నాడు. మామకు పుట్టినప్పటి నుంచి తెలిసింది ఎడ్లబండి, అందులో ఇరుసు అరిస్తే ఆముదం పోస్తారు గనుక ఇక్కడా అదే పోయించాడు. పోసిన ఆముదమంతా కారిపోయి వాకిలి జిగటయింది, దుమ్ము పట్టింది, కోళ్లు జారిపడ్డాయి, చప్పుడు మాత్రం ఇంకా నిండుగా వచ్చింది. నిజామాబాద్‌లో ఒక మిస్త్రీకి చూపిస్తే, పాత బండి కదా, అరుస్తది, అలవాటు చేసుకోండ్రి అన్నాడట. మా కారు బోధన్ సడక్ మీద మళ్లిందంటే ఎవరో చెప్పనక్కర లేకుండా ఊరంతటికీ తెలిసిపోయేది.

మా ఆయనకు యంత్రాలంటే ప్రాణం. బాయి దగ్గరి ఆయిల్ ఇంజను మొరాయిస్తే విప్పి బాగుచేసేది ఆయనే. ఈ చప్పుడు సంగతి తానే తేలుస్తానని పట్టుబట్టాడు. అయితే అందులో ఒక చిక్కు వచ్చింది. కారు కింద ఒకరు పడుకుని చూడాలి, పైన కూర్చుని స్టీరింగు తిప్పడానికి మరొకరు కావాలి. బావకు పొలం పనులు తీరవు. జీతగాళ్లు కొందరు ఆ సీట్లో కూర్చోవడానికే జంకితే, కూర్చున్నవాళ్లు ఎద్దు ముక్కుతాడు గుంజినట్టు గుంజేవారు. చివరికి ఒక పూట ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి, తలెత్తకుండా తల్లితో, అవ్వా, జర ఆమెను పంపు, స్టీరింగు తిప్పేటందుకు, అన్నాడు. అత్తమ్మ చేతిలో చాట ఆగింది. ఆమె కొడుకును చూసింది, నన్ను చూసింది, పో బిడ్డా, కొంగు సక్కగ కప్పుకో, అని మాత్రం అన్నది.

ఆ సీట్లో మొదటిసారి కూర్చున్నప్పటి సంగతి ఇప్పటికీ నా చేతులకు తెలుసు. చలికాలం పొద్దున, స్టీరింగు చల్లగా, నున్నగా, చుట్టూ అరచేతులు అరిగించిన నునుపు. ఆయన కింద నుంచి కుడికి అంటే కుడికి, ఎడమకు అంటే ఎడమకు, మెల్లగ అంటే మెల్లగ తిప్పేదాన్ని. చప్పుడు ఎప్పుడు వచ్చింది, తిప్పడం మొదలుపెట్టినప్పుడా, సగంలోనా, చివరికి పోయినంకనా అని అడిగేవాడు, నేను చెప్పేదాన్ని. మొదట్లో ఆ రెండు మూడు మాటలే. తరువాత మధ్యలో పానా వెతుక్కునేటప్పుడు మీ ఇంట్లో పసుపు ఎట్ల ఉడకబెడతరు అని అడిగాడు. నేను చెప్పాను. ఆయన నిజామాబాద్‌లో చదువుకునేటప్పుడు రైలు ఇంజన్లు చూడటానికి స్టేషన్‌కు పోయి పరీక్ష తప్పిన సంగతి చెప్పాడు. ఆయన కింద, నేను పైన, మధ్యలో ఇనుప రేకు. మొహాలు కనబడకపోవడం వల్లనేమో ఇద్దరికీ సిగ్గు పోయింది. ఏడాది కాపురంలో తెలియని సంగతులు ఆ కొద్ది పొద్దులలో తెలిశాయి. వాకిట్లో పోయేవాళ్లకు మాత్రం మేము చప్పుడు వెతుకుతున్నట్టే కనిపించేది, నిజంగా వెతుకుతూనే ఉన్నాము కూడా.

కీచుమనే అరుపు ముందుగా దొరికింది. చక్రం ఏ ఇనుప మొల మీద అటూ ఇటూ తిరుగుతుందో ఆ మొలకు గ్రీజు పోయే సన్నని రంధ్రాలు, పాత గ్రీజు ఎండి, దాని మీద ఆముదమూ దుమ్మూ కలిసి గట్టిపడి మూసుకుపోయాయి. ఆయన కిరసనాయిలుతో కడిగి, చెరుకు లారీల వాళ్ల దగ్గర గ్రీజు కొట్టే పిచికారీ అడిగి తెచ్చి నింపేసరికి ఆ అరుపు తగ్గి, రెండు పూటలకు పూర్తిగా మాయమయింది. అది పోయినంక దాని వెనుక దాక్కున్న ఇంకో చప్పుడు బయటపడింది. ఎడమకు చివరిదాకా తిప్పితే గరగరమని రాసుకునేది. ఎక్కడ రాసుకుంటున్నదో ఆయనకు అంతుపట్టలేదు. నాకు ముగ్గు గుర్తొచ్చింది. తడిపిన సున్నం టైరు అంచుకు పూసి తిప్పి చూద్దామన్నాను. పూసి తిప్పితే, ఎప్పుడో దెబ్బ తగిలి లోపలికి మడతపడిన మడ్‌గార్డు రేకు మీద తెల్లగా మరక పడింది. సుత్తితో రేకును సరిచేయగానే ఆ గరగరా పోయింది. ఆ రోజు ఆయన కారు కింద నుంచి బయటికి వచ్చి, నెత్తినిండా మట్టితో, అందరూ చూస్తుండగానే నా వంక చూసి నవ్వాడు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి ఉరికాను.

సాయంత్రం అత్తమ్మ బియ్యం ఏరుతూ, సప్పుడు మొత్తానికే పోయిందా బిడ్డా, అని అడిగింది. ఆ అడగడంలో ఉన్న నవ్వు నాకు అర్థమైంది. పోయిందని చెప్పాను గాని, చెబుతుంటే నా గుండెలో ఏదో వెలితి. చప్పుడు పోతే నేను మళ్లీ వంటింట్లోకి, ఆయన మళ్లీ బాయి దగ్గరికి పోవడమే కదా. కాని నిజంగా అది మొత్తానికి పోలేదు. తెల్లవారి కారును నీడలోకి జరపాలని ఆయన వెనుక నుంచి నెడుతుంటే నేను స్టీరింగు పట్టుకున్నాను. ఎడమకు తిప్పడం మొదలుపెట్టిన క్షణంలో అరచేతుల్లో ఒక చిన్న దెబ్బ తగిలింది, టక్కుమని. చెవికి వినిపించిందో లేదో గాని, చేతికి తెలిసింది. ఆయనకు చెబితే ఆయన నవ్వాడు. జాక్ పెట్టి కారు ఎత్తి, కిందికి పోయి, అన్నీ పట్టి చూసి, ఏమీ లేదన్నాడు. నేను మళ్లీ తిప్పాను, అప్పుడు నాకూ తగలలేదు. కారు దింపినంక మాత్రం మళ్లీ తగిలింది. ఈసారి చెబితే, నువ్వు సప్పుడు పోనిచ్చేటట్టు లేవు అని ఇంకా గట్టిగా నవ్వాడు. ఆయనతో మాట్లాడటానికి నేను కల్పించుకుంటున్నానని ఆయన మురిసిపోతున్నాడు. తోడికోడలు కూడా నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఎంత చెబితే అంత నవ్వులాటయింది.

ఇంతలో ఆడబిడ్డ పెళ్లి దగ్గరపడింది. పిల్లను నవీపేట్ దిక్కు ఇచ్చారు. తన బిడ్డ గూడు కట్టిన కచ్చడపు బండిలో కాదు, కారులో అత్తగారింటికి పోతుందని మామ అందరికీ చెప్పుకున్నాడు, అసలు ఆ కారు కొన్నదే అందుకని ఇంట్లో అందరికీ అప్పటికి తెలిసింది. దారిలో కాలువ మీద ఒక సన్నని వంతెన ఉండేది, రెండు పక్కలా గోడ లేదు, వంతెన దిగగానే ఎడమకు మళ్లాలి. ఆ మలుపు నేను ఒకసారి బండిలో పోతూ చూసి ఉన్నాను. పెళ్లికి ముందురోజు పందిరి కింద అరిసెల పిండి దంచుతున్నా నా కళ్ల ముందు ఆ మలుపే. చేతికి తగిలిన దెబ్బ నిజమైతే ఏమవుతుంది, నిజం కాకపోతే చుట్టాలందరిలో నేను ఏమవుతాను అని రెండు దిక్కులా భయమే. చివరికి రోకలి పక్కకు పెట్టి అత్తమ్మ దగ్గరికి పోయి, కారులో ఇంకా దెబ్బ ఉంది, ఆడబిడ్డను అందులో పంపొద్దు అన్నాను. అత్తమ్మ ముందు నవ్వబోయింది. నా మొహం చూసి ఆగింది. నా చేయి పట్టుకుని అరుగు దాకా తీసుకుపోయి, చుట్టాల నడుమ కూర్చున్న మామకు ఈ మాట చెప్పింది.

మామ అప్పటిదాకా నాతో నేరుగా మాట్లాడిన మనిషి కాదు. నాకు చెప్పాల్సింది అత్తమ్మకు చెప్పేవాడు, నేను చెప్పాల్సింది అత్తమ్మే ఆయనకు చెప్పేది. ఆయన కొంచెంసేపు మీసం మీద చేయి వేసుకుని కూర్చుని, జాక్ పెట్టినప్పుడు దెబ్బ లేదు, దింపితే ఉంది, అంతేనా అని అడగమన్నాడు. అంతే అన్నాను. ఎత్తినంక చక్రానికి బరువేడిది, బరువు లేంది సందు ఎట్ల తెలుస్తది అని ఆయన తనలో తాను అనుకుని లేచాడు. చుట్టాలంతా ఆయన వెంట లేచారు. ఇంటి వెనుక చెరుకు మడికి పోయే ఎండిన కాలువ ఉంది, మోకాళ్ల లోతు. రెండు పక్కల చక్రాలు రెండు గట్ల మీద వచ్చేటట్టు కారును దాని మీదికి తోయించాడు. మా ఆయన దిగబోతే చేయి అడ్డం పెట్టి, పెళ్లికని కట్టుకున్న కొత్త ధోవతి ఎగగట్టి, తలపాగా తీసి అత్తమ్మ చేతిలో పెట్టి, తానే ఆ కాలువలోకి దిగి కారు కిందికి పోయాడు. నేను పైన కూర్చున్నాను. చుట్టూ ఊరు. స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాను.

కింద నుంచి మామ గొంతు వచ్చింది. నాతో ఆయన నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

“బిడ్డా, తిప్పు. కొద్దిగనే, అటిటు ఊపు.”

ఊపాను. అరచేతిలో టక్కుమంది. ఆయన కుడిపక్క కీలు మీద చేయి పెట్టి పట్టుకున్నాడట, అక్కడ ఏమీ తెలియలేదు. మా ఆయన ఇన్ని రోజులూ వెతికింది ఆ కుడిపక్కనే, ఎందుకంటే చప్పుడు ఆ దిక్కు నుంచే వచ్చినట్టు వినిపించేది. మామ మెల్లగా ఎడమపక్కకు జరిగాడు. ఇంకోసారి ఊపమన్నాడు. ఊపాను. పందిరిలో రోకళ్లు కూడా ఆగిపోయాయి.

“గీడ కొడ్తుంది. నా చెయ్యికి తగిలింది. బిడ్డ సెప్పింది నిజమే.”

మా ఆయన కాలువలోకి దూకాడు. స్టీరింగు కడ్డీని చక్రంతో కలిపే గుండ్రని కీలు అరిగి అరిగి, గిన్నెలో గోలీ ఆడినట్టు ఆడుతున్నది. పిడికిట పట్టి గట్టిగా గుంజితే ఊడి వచ్చేటట్టుంది. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహంలో నెత్తురు లేదు. కారు కిటికీలో నుంచి నా చేతి మీద ఒక్కసారి చేయి వేసి, సైకిలు తీసుకుని అటునుంచి అటే స్టేషన్‌కు పోయి నిజామాబాద్ రైలెక్కాడు. మామ ధోవతికి అంటిన మట్టి దులుపుకుంటూ, నవ్విన చుట్టాల మొహాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ అరుగు మీదికి పోయాడు. తోడికోడలు వచ్చి నేను పక్కకు పెట్టిన రోకలి తీసుకుని, నువ్వు కూసో, నేను దంచుత అన్నది.

తెల్లవారి ముహూర్తం వేళకు కూడా మా ఆయన రాలేదు. ఆ కీలు దొరకక ఆయన దుకాణం దుకాణం తిరిగి, చివరికి ఒక పాత సామాన్ల కొట్టులో పట్టుకున్నాడట. తలంబ్రాలు పోసుకుంటుండగా చంకలో కాగితపు పొట్లంతో పందిట్లోకి వచ్చాడు, చెల్లెలి నెత్తిన అక్షింతలు వేశాడు, నేరుగా కారు కిందికి పోయాడు. నన్ను ఎవరూ పిలవకుండానే పోయి పైన కూర్చున్నాను. బ్యాండువాళ్లు వాయిస్తున్నారు, మాకు ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు, ఆయన రేకును పానాతో ఒకసారి కొడితే కుడికి, రెండుసార్లు కొడితే ఎడమకు అని లెక్క పెట్టుకున్నాము. బిగించినంక తిప్పి చూస్తే స్టీరింగు వెన్నలా తిరిగింది. అరచేతిలో ఏమీ లేదు.

అప్పగింతలప్పుడు మామ చేసిన పని నేను చచ్చేదాకా మరచిపోను. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ వెనుక కూర్చున్నారు, మా ఆయన స్టీరింగు దగ్గర. పక్క సీట్లో కూర్చోవడానికి మగపెళ్లివారి పెద్దమనిషి ఒకాయన తలుపు తెరవబోతే, మామ ఆయనను మర్యాదగా పక్కకు నిలబెట్టి, నన్ను పిలిచి, ముంగట నువ్వు కూసో బిడ్డా, సప్పుడొస్తే సెప్పు అన్నాడు. అంతమంది ముందు, పెద్దకోడలు కూడా కాదు, నేను ఆ ముందు సీట్లో కూర్చున్నాను. పొద్దు వాలుతున్నది, రెండు దిక్కులా చెరుకు, ఎదురుగా ఫ్యాక్టరీకి పోయే బండ్ల వరుస. వెనుక ఆడబిడ్డ ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తూనే ఉంది. వంతెన మీదికి వచ్చేసరికి కారులో అందరమూ ఊపిరి బిగబట్టాము. వంతెన దిగగానే మా ఆయన ఎడమకు తిప్పాడు. అప్పుడు వెనుక నుంచి ఏడుపు ఆపి ఆ పిల్ల అడిగింది.

“వదినా, వచ్చిందా?”

రాలేదన్నాను. ఒక్కసారిగా అందరమూ నవ్వాము, కొత్త పెళ్లికొడుకు సంగతేమిటో తెలియకపోయినా నవ్వాడు, ఆడబిడ్డ అత్తగారింటి వాకిట్లో నవ్వుకుంటూ దిగింది. అప్పగింతలలో నవ్వుకుంటూ వచ్చిన కోడలని నవీపేట్‌లో చాలాకాలం చెప్పుకున్నారు.

మరుసటి ఏడు చెరుకు నరుకుడు మొదలయ్యాక మామ ఒకనాడు అన్నం తింటూ, కోడలికి కారు నడుపుడు నేర్పు, అని మా ఆయనతో అన్నాడు. అత్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది గాని ఆమె కూడా వద్దనలేదు. పొలాల దారుల్లో నేర్చుకున్నాను. మొదటిసారి బోధన్ సడక్ ఎక్కిన రోజు, చెరుకు నరకడానికి వచ్చిన మరాఠీ ఆడవాళ్లు కొడవళ్లు ఆపి, గట్టు మీద వరుసగా నిలబడి తమ భాషలో ఏదో కేకవేసి చప్పట్లు కొట్టారు. ఏమన్నారో అర్థం కాలేదు, నేనూ హారన్ కొట్టాను. తరువాత కొన్నేళ్లపాటు ఎవరి ఇంట్లో కాన్పు నొప్పులు మొదలైనా, ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా నేనే కారు తీసేదాన్ని. మామ బోధన్‌కు పోవాలంటే కొడుకులను కాదని నన్నే పిలిచేవాడు, వెనుక కాదు, నా పక్కనే కూర్చుని, దారిపొడుగునా ఏ చెరుకు ఎట్ల పెరిగిందో చెప్పేవాడు. నాతో నేరుగా మాట్లాడటానికి ఒకసారి అలవాటు పడ్డాక ఆయనకు మాటలు తరగలేదు.

ఇప్పుడు మామ లేడు, అత్తమ్మ లేదు, మా ఆయన పోయి కూడా కొన్నేళ్లవుతున్నది. ఫ్యాక్టరీ పొగగొట్టం చల్లారింది, చెరుకు ఉన్న చోట వరి పచ్చగా ఊగుతున్నది, సడక్ వెడల్పయింది. మనుమరాళ్లు ఎవరి అనుమతీ అడగకుండా కారు తాళాలు తీసుకుని పోతుంటే నా మనసు నిండుతుంది, ఆ రోజులే మళ్లీ రావాలని నేను అననే అనను. కారుకు ఏదైనా వస్తే వాళ్లు దాన్ని షాపులో వదిలి వస్తారు, సాయంత్రానికి బాగై వస్తుంది, ఎవరు చేశారో, ఏం చేశారో, ఎవరికీ తెలియనక్కర లేదు. మంచిదే. కాని ఒక మనిషి చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి, కట్టుకున్న కొత్త బట్ట మట్టి కానిచ్చి కాలువలోకి దిగే ఓపిక, ఆ తీరిక, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నదా అని అప్పుడప్పుడు అనుకుంటాను. నా మాట నమ్మడానికి ఆ ఇంట్లో అంత పెద్దమనిషి నేలకు వంగాడు. ఆ తరువాత ఆ ఇంట్లో నేను మాట్లాడటానికి ఎన్నడూ భయపడలేదు.